మొరాయించిన మోటారుసైకిలు

ఒకప్పుడు మన పల్లెలలో మోటారుసైకిలు గల ఇండ్లను వ్రేళ్లమీద లెక్కింపవచ్చును. నేడట్లు కాదు. పొలమునకు ఎరువు బస్తా చేర్చవలెనన్నను, తెల్లవారుజామున పాలు కేంద్రమునకు తీసికొని పోవలెనన్నను, అర్ధరాత్రి రోగిని వైద్యుని కడకు చేర్చవలెనన్నను ఆ చిన్న బండియే ఆధారము. ఎద్దు మేత మానినచో రైతు దాని ముట్టెను తడిమి, చెవులు పట్టి చూచి జబ్బును కొంత ఊహించును. బండి మొరాయించినచో మాత్రము క్రొత్తగా నడుప నేర్చినవాడు నడిబాటలో దిక్కుతోచక నిలుచును. టైరులో గాలి పోయినచో కంటికి కనబడును. గొలుసు తెగినచో చేతికి తగులును. విద్యుత్తు కంటికి కనబడదు, చెవికి వినబడదు. కావుననే క్రొత్తవారు విద్యుద్దోషమనగనే భయపడి, ఎవరేది చెప్పిన అది చేయుదురు. ఎవరెంత అడిగిన అంత యిత్తురు.

బాలబాలికలారా! గేర్లుగల మోటారుసైకిలును నడుపుటకు మీకు 18 ఏండ్లు నిండవలెను. అది చట్టము. కాని బండి ఎందుకు ఆగినదో ఆలోచించుటకు ఏ వయోనియమమును లేదు. మీరు పాఠశాలలో చదువు విద్యుద్వలయము, నిరోధము మొదలగునవి మీ ఇంటిముందరి బండిలోనే ప్రత్యక్షముగా పనిచేయుచున్నవి.

వైద్యులు రోగకారణమును కనుగొనుటను నిదానమందురు. మాధవనిదానమను ఆయుర్వేద గ్రంథమునకు ఆ పేరు అందువలననే కలిగినది. మన వాడుకలో నిదానమనగా తొందర లేకుండుట. ఒక్క మాటకే ఈ రెండర్థములును అమరుట ఎంతయో తగియున్నది. తొందరపడి ఒక్కొక్క భాగమును మార్చుకొనుచు పోవువాడు డబ్బు వెచ్చించునే గాని దోషమును కనుగొనలేడు.

మొదట విద్యుత్తు నడచు దారిని తెలిసికొనవలెను. విద్యుత్తు బయలుదేరిన చోటికే తిరిగి చేరవలెను. లేనిచో అది బయలుదేరనే బయలుదేరదు. బ్యాటరీ యొక్క ధనధ్రువమునుండి వెడలిన ప్రవాహము ఫ్యూజును, తాళపుచెవి స్విచ్చిని దాటి, హారనునకో దీపమునకో పోయి, అచట పని చేసి, ఋణధ్రువమునకు మరలివచ్చును. ఇండ్లలో పోవుటకొక తీగయు, వచ్చుటకొక తీగయు ఉండును. మోటారుసైకిలులో వచ్చుదారికి చాలవరకు బండి యొక్క ఇనుప చట్రమునే వాడుకొందురు. దీనినే మెకానిక్కులు ‘బాడీ ఎర్తు’ అందురు. పేరునకు ఎర్తే గాని దీనికిని భూమికిని సంబంధమేమియు లేదు. రబ్బరు టైర్లమీద నిలిచిన బండికి భూమితో పొత్తెక్కడిది? ఈ చిన్న సంగతి తెలియక, దీపమునకు వచ్చు తీగను మాత్రమే పరీక్షించి, తిరిగిపోవు దారిని మరచువారు పెక్కుమంది.

ఇక విద్యుత్తు పుట్టుచోటులు రెండు. మొదటిది బ్యాటరీ. 1859లో గాస్టన్ ప్లాంటే అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు సీసపు పలకలను గంధకామ్లమున ముంచి, మరల మరల నింపుకొనదగిన బ్యాటరీని కనిపెట్టెను. నేటి బండ్లలో నున్నది చాలవరకు ఆ జాతిదే. అందు ఆరు గదులుండును. ఒక్కొక్క గది సుమారు 2.1 వోల్టుల నిచ్చును. కావున అన్నియు కలసి 12.6 వోల్టులు. రెండవది ఇంజనుతోపాటు తిరుగు మాగ్నెటు. తీగచుట్టల చెంత అయస్కాంతము కదలినచో ఆ తీగలలో విద్యుత్తు పుట్టునని 1831లో మైకేల్ ఫారడే కనుగొనెను. మాగ్నెటులో జరుగునది అదియే. ఈ విద్యుత్తు అటు నిటు ఊగులాడునది. దానిని ఒకే దిక్కునకు నడపి, మితిమీరకుండ అదుపులో నుంచి బ్యాటరీకి అందించు చిన్న పెట్టెకు రెక్టిఫయరు అని పేరు. మాగ్నెటు ఊటబావి, బ్యాటరీ ఇంటిలోని గాబు. గాబు నిండుగ నున్నను, బావి ఎండినచో రెండు నాళ్లకు ఇల్లంతయు ఎండును.

దోషములు వేయి విధములుగా కనబడినను వాని మూలము మూడు విధములు. దారి తెగుట ఒకటి. తీగ విరిగినను, ఫ్యూజు పోయినను, స్విచ్చి అంటకున్నను ఇదియే. అడ్డదారి పడుట రెండవది. తీగపై తొడుగు ఒరసికొనిపోయి లోని రాగి చట్రమునకు తగిలినచో ప్రవాహము దీపము వరకు పోక అచటనే తిరిగిపోవును. దీనినే షార్టు అందురు. దారి ఇరుకగుట మూడవది. తుప్పు, చిలుము, వదులైన మరలు ప్రవాహమునకు అడ్డు తగులుట. కాలువలో పూడిక పేరుకొన్నట్లే ఇదియును. ఈ మూడవదానిని పట్టుటయే కష్టము. ఏలయన ఇందు దారి ఉన్నట్లే యుండును, పని మాత్రము జరుగదు.

బండి కదలనపుడు చేయి పనిముట్లపెట్టె మీదికి పోరాదు. కన్నులు, చెవులు మొదట పనిచేయవలెను. కుడిచేతి పిడికడ నుండు ఎర్రని స్విచ్చి ఎవరైన పిల్లలు నొక్కిపోయిరా? బండి న్యూట్రలులో నున్నదా? ప్రక్క స్టాండు వేసియున్నపుడు ఇంజను స్టార్టు కానీయని స్విచ్చి కొన్ని బండ్లలో కలదు. క్లచ్చి పట్టిన గాని సెల్ఫు తిరుగనివి మరికొన్ని. ఇవి దోషములు కావు, రక్షణలు. వీనిని తెలియక బండిని మైళ్లకొలది త్రోసికొనిపోయి, మెకానిక్కు స్విచ్చిని ఒకమారు కదల్చినంతనే బండి కదలుట చూచి సిగ్గుపడినవారు ఎందరో కలరు.

తరువాత తాళపుచెవి త్రిప్పి హారను మ్రోగించి చూడవలెను. వైద్యునికి నాడి యెట్లో మనకు హారను అట్లు. హారను, ఇండికేటరు, బ్రేకుదీపము అన్నియు మూగవోయినచో, అన్నింటికిని ఉమ్మడియైన చోటనే దోషముండును. అనగా బ్యాటరీ తీగల వద్దనో, ఫ్యూజు వద్దనో, తాళపు స్విచ్చి వద్దనో. ఒక్క ఇండికేటరే వెలుగనిచో బ్యాటరీని అనుమానించుట వ్యర్థము. ఆ కొమ్మకు చెందిన బల్బును, దాని ఎర్తును చూడవలెను. ఊరంతయు చీకటియైన ట్రాన్సుఫార్మరు వైపు చూతుము. మన ఇల్లొక్కటే చీకటియైన మన మీటరుపెట్టె వైపు చూతుము గదా!

వెదకుటకు గొప్ప పరికరములక్కరలేదు. 12 వోల్టుల చిన్న బల్బునకు రెండు తీగలు అతికినచో టెస్టుల్యాంపు సిద్ధము. ఒక తీగను బ్యాటరీ ఋణధ్రువమునకు తగిలించి, రెండవ కొనతో ప్రవాహపు దారిని తాకుచు పోవలెను. ఫ్యూజునకు ముందు వెలిగి, ఫ్యూజు తరువాత వెలుగనిచో దోషము ఫ్యూజుననే కలదు. దారి పొడవైనపుడు ఒక కొననుండి వరుసగా పోనక్కరలేదు. నిఘంటువులో ‘మ’కారపు మాట వెదకువాడు మొదటి పుటనుండి మొదలు పెట్టడు గదా! నడుమ విప్పి, ముందా వెనుకా అని చూచును. అట్లే దారి నడుమ పరీక్షించినచో ఒక్క దెబ్బతో సగము దారి నిర్దోషమని తేలిపోవును. కంప్యూటరు పెట్టె గల క్రొత్త బండ్లలో మాత్రము ఆ పెట్టెకు పోవు తీగలను టెస్టుల్యాంపుతో తాకరాదు. అట్టిచోట మల్టీమీటరే తగినది.

ఫ్యూజును గూర్చి కొంత విస్తరించి చెప్పవలెను. ఏలయన ప్రమాదమంతయు అచట పొంచియున్నది. ఫ్యూజు దొంగ కాదు, కావలివాడు. మితిమీరిన ప్రవాహము వచ్చినపుడు తాను కరగి తీగలను కాపాడును. చచ్చిన కావలివానిని తీసి మరియొకనిని నిలిపినంత మాత్రమున దొంగ పట్టుబడడు.

నా పూర్వశిష్యుడొకడు పాలకేంద్రమునకు పాలు చేర్చుచుండెను. వాడు బండి నేర్చి మూడు నెలలైనను కాలేదు. వాని బండి పాతది. హెడ్‌లైటునకును, ప్లగ్గునకును విద్యుత్తు మాగ్నెటునుండియే నేరుగా అందును. కావున ఫ్యూజు పోయినను కిక్కుతో ఇంజను నడచును, ముందుదీపము వెలుగును. హారను, ఇండికేటర్లు, వెనుక బ్రేకుదీపము మాత్రము పనిచేయవు. ఒక వారమున మూడు ఫ్యూజులు పోయినవి. బండి నడచుచున్నది గదా యని వాడు ఉపేక్షించెను. నాలుగవ నాడు, ఇంకను చీకటి విడువకముందే, ఊరి మలుపు వద్ద బ్రేకు వేసెను. వెనుకవచ్చు లారీవానికి బ్రేకుదీపము కనబడలేదు. చివరి క్షణమున లారీ ప్రక్కకు తప్పుకొన్నది. వీడు బండితో కూడ కాలువగట్టు క్రిందికి జారెను. ప్రాణము దక్కినది, పాలు దక్కలేదు.

నాటి సాయంకాలము వాడు నా యింటికి వచ్చెను. చేతిలో మెలివేసిన దళసరి రాగితీగ కలదు. ‘మాస్టారూ! ఫ్యూజు బదులు ఇది చుట్టినచో ఇక పోవుటయన్నది ఉండదని ఒకరు చెప్పినారండి. మరియొకరు వైరింగంతయు మార్చవలెననుచున్నారు. అంత డబ్బు నా కడ లేదండి’ అనెను.

‘నాయనా! తీగ సంగతి తరువాత. ఫ్యూజు ఎచట పోవుచున్నది?’ అని అడిగితిని.

వాడు కొంతసేపు ఆలోచించి, ‘మూడు మారులును పాలకేంద్రము ఆవరణలోనేనండి. రోడ్డుమీద ఎన్నడును పోలేదు. ఆ చోటే మంచిది కాదని మా అమ్మ అనుచున్నదండి’ అనెను.

చోటు మంచిదో చెడ్డదో నేనెరుగను. కాని ఆ ఆవరణలో మాత్రమే జరుగునది ఏదో ఉండవలెను. రోడ్డుమీద పోవునపుడు హేండిలును కొద్దిగానే త్రిప్పుదుము. ఇరుకైన ఆవరణలో బండిని వెనుకకు మరల్చుటకు మాత్రము హేండిలును పూర్తిగా ఒక ప్రక్కకు త్రిప్పవలెను. బండి మెడవద్దనే తీగలకట్ట అంతయు వంగి ముందునకు పోవుచున్నది. ఇంతవరకు ఊహ. ఊహను పరీక్షింపక నమ్మరాదు.

ఫ్యూజును తీసివైచి, దాని రెండు కొనల నడుమ 21 వాట్ల బ్రేకు బల్బునొకదానిని తీగలతో కలిపితిమి. ఇందలి యుక్తిని గమనింపుడు. షార్టు పడినను బల్బు యొక్క నిరోధము అడ్డుపడుటవలన ప్రవాహము 2 ఆంపియర్లకు మించదు. ఏ తీగయు కాలదు, ఫ్యూజు ఖర్చును లేదు. షార్టు లేనపుడు బల్బు మినుకుమినుకు మనును, లేదా వెలుగనే వెలుగదు. షార్టు పడినపుడు నిండుగ వెలుగును. తాళపుచెవి త్రిప్పి హేండిలును మెల్లగా కుడివైపునకు త్రిప్పితిమి. మార్పు లేదు. ఎడమవైపునకు త్రిప్పితిమి. తుదివరకు పోయినంతనే బల్బు భగ్గున వెలిగినది. వెనుకకు త్రిప్పగా తగ్గినది. టార్చిదీపముతో చూడగా, మెడ వెనుక ఒక తీగ తొడుగు ఒరసి, గోరంత మేర రాగి కనబడుచున్నది. పోగులేవియు తెగలేదు. ఆ చోటికి క్రొత్త తొడుగు వేసి, టేపు చుట్టి, కట్టను కొంచెము వదులుగా, ఒరపిడి తగులని దారిలో కట్టితిమి. ఎప్పటి కొలతగల క్రొత్త ఫ్యూజునే మరల ఉంచితిమి. పని అరగంట పట్టినది. వైరింగు మార్చనక్కర లేకపోయెను.

ఆ రాగితీగను చుట్టియుండినచో ఏమగును? షార్టు పడినపుడు దళసరి రాగితీగ కరగదు. చిన్న బ్యాటరీ యైనను అట్టివేళ నూరు ఆంపియర్లకు దగ్గరగా ప్రవాహమును వెడలగ్రక్కగలదు. బండిలోని సన్నని తీగలు ఎర్రగా కాలి, తొడుగులు కరగి మండును. ఆ కట్ట పోవునది పెట్రోలు టాంకు క్రిందుగా! 10 ఆంపియర్ల ఫ్యూజు ఉండవలసినచోట 10 ఆంపియర్లదే ఉండవలెను; సిగరెట్టుపెట్టెలోని తళుకు కాగితము, హెయిర్‌పిన్ను మొదలగునవి ఎన్నడును తగవు.

ఇక సెల్ఫు. మీట నొక్కగా ఇంజను తిరుగక ‘టిక్కు టిక్కు’ మను ధ్వని మాత్రము వచ్చుట అందరెరిగినదే. బ్యాటరీ నీరసించినదని వెంటనే క్రొత్తది కొందురు. కొన్నివేళల అది నిజమే. కాని కొందరి హారను గట్టిగా మ్రోగుచుండును, దీపములు చక్కగా వెలుగుచుండును, సెల్ఫు మాత్రము తిరుగదు. ఇదేమి వింత? ఓము నియమముతో లెక్కింపుడు. బ్యాటరీ కొనవద్ద చిలుము పట్టి 0.1 ఓము నిరోధము ఏర్పడినదనుకొందము. హారను 2 ఆంపియర్లు తీసికొన్నచో అచట నష్టమగునది 0.2 వోల్టు మాత్రమే. హారనునకు అది లెక్కలోనిది కాదు. సెల్ఫుమోటారు 40 ఆంపియర్లు కోరినదనుకొనుడు. నష్టము 4 వోల్టులు! 12 వోల్టులలో 4 దారిలోనే పోయినచో మోటారు ఎట్లు తిరుగును? కావున హారను మ్రోగినంత మాత్రమున తీగల బిగింపులు బాగున్నవని తలపరాదు. మల్టీమీటరు యొక్క ఒక కొనను బ్యాటరీ ఋణధ్రువమునకును, రెండవదానిని ఇంజను లోహమునకును ఆనించి సెల్ఫు నొక్కి చూడవలెను. ముల్లు దాదాపు కదలకుండవలెను. ఒకటి రెండు వోల్టులు చూపినచో ఎర్తు దారియందే పూడిక కలదు.

బిగింపులను శుభ్రపరచునపుడు తాళపుచెవి తీసి, ఋణధ్రువపు తీగను మొదట విప్పవలెను. బిగించునపుడు దానిని కడపట బిగింపవలెను. వరుస మార్చినచో, ధనధ్రువమును విప్పుచున్న స్పానరు చట్రమునకు తగిలి నిప్పులు చెరగును. చిలుమును వంటసోడా కలిపిన నీటితో కడిగి, ఆరబెట్టి, గరుకు కాగితముతో రుద్ది, బిగించిన పిదప కొంచెము వ్యాజిలైను పూయుట మేలు. బ్యాటరీ చెంత అగ్గిపుల్ల గీయరాదు. దానినుండి వెడలు ఉదజని వాయువు మండునది. ఆమ్లము చేతికి తగిలినచో వెంటనే నీటితో బాగుగా కడుగవలెను.

బ్యాటరీ బలమును అంకెలతో తెలిసికొనవచ్చును. ఇంజను ఆపి కొన్ని గంటలైన పిదప మీటరు 12.6 వోల్టులో, కొంచెము పైనో చూపినచో నిండుగ నున్నది. 12.2 అనగా సుమారు సగము. 12కు తక్కువయైనచో దాదాపు వట్టిపోయినట్లే. సెల్ఫు నొక్కినపుడు 10 వోల్టులకంటె బాగుగా దిగజారినచో బ్యాటరీ ముసలిదైనను కావచ్చును, నిండకుండినను కావచ్చును. ఇంజను ఒక మోస్తరు వేగమున నడచునపుడు 13.5 మొదలు 14.5 వరకు ఉండవలెను. ఇంజను నడచినను అంకె పెరుగనిచో ఊటబావి ఎండినదన్నమాట. మాగ్నెటునో, రెక్టిఫయరునో, వాని నడుమ తీగలనో చూడవలెను. 15 దాటినచో రెక్టిఫయరు అదుపు తప్పినది. అట్టి బండిలో బల్బులు మాటిమాటికి మాడుట, బ్యాటరీ వేడెక్కుట కలుగును. బల్బులమ్మువానికి అది లాభము.

అదనపు దీపములు అమర్చు ఉబలాటము యువకులకు మెండు. 55 వాట్ల దీపములు రెండు పెట్టినచో 110 వాట్లు. 12 వోల్టులచే భాగించిన సుమారు 9 ఆంపియర్లు. చిన్నబండి మాగ్నెటు అంతటి బరువును మోయుటకు చేసినది కాదు. దీపములు జిగేలుమనును, బ్యాటరీ నానాటికి క్షీణించును. ఇండికేటరు ఒకవైపు మాత్రము అతివేగముగా కొట్టుకొన్నచో ఆ వైపున ఒక బల్బు పోయినదని చాలవరకు ఊహింపవచ్చును.

సెల్ఫు ఇంజనును చక్కగా త్రిప్పినను అది అంటుకొననిచో ప్లగ్గును చూడవలెను. దాని కొన లేత గోధుమ రంగున నున్నచో క్షేమము. నల్లని మసి పట్టినను, పెట్రోలుతో తడిసినను రవ్వ సరిగా పుట్టదు. వానలో తడిసిన ప్లగ్గు తొడుగును తుడిచినంతనే నడచిన బండ్లు కలవు. ప్లగ్గునకు పోవు విద్యుత్తు వేలకొలది వోల్టులది. ఇంజను తిరుగునపుడు దానిని చేతితో పట్టరాదు. పెట్రోలు ఆవిరి గల చోట రవ్వను పరీక్షించుట మిక్కిలి అపాయకరము.

పాత బండికిని, క్రొత్త బండికిని ఒక భేదము తెలిసియుండవలెను. 2017 ఏప్రిలు 1 నుండి మన దేశమున తయారగు ద్విచక్ర వాహనములకు ఇంజను నడచునంతసేపును ముందుదీపము వెలుగుచుండునట్లు నియమము వచ్చినది. కావున పగలు దీపము వెలుగుట దోషము కాదు. 2020 ఏప్రిలు 1 నుండి భారత్ స్టేజి 6 నియమములు అమలగుటతో చిన్న బండ్లలోను పెక్కింటికి కార్బ్యురేటరు పోయి, పెట్రోలును చిమ్ము యంత్రమును, దానిని శాసించు కంప్యూటరును వచ్చినవి. వీనికి బ్యాటరీ ప్రాణము. వట్టిపోయిన బ్యాటరీతో పాత బండి కిక్కునకు లోబడినను క్రొత్త బండి లోబడకపోవచ్చును. తాళము వేసియుండగా దాని తీగల ముళ్లను ఊడదీయరాదు; ఇంజను నడచుచుండగా బ్యాటరీని విప్పుట అసలే కూడదు.

కంప్యూటరు పెట్టె, మాగ్నెటు లోపలి చుట్టలు, తాళపు స్విచ్చి అంతర్భాగములు మెకానిక్కునకు విడువవలసినవి. కాని ఆయన కడకు పోవునపుడు ఒక చీటీ వ్రాసికొని పోవుట మంచిది. దోషము ఎప్పుడు మొదలైనది, వానలోనా ఎండలోనా, బండి వేడెక్కిన పిదపనా చల్లగ నున్నపుడా, హేండిలు త్రిప్పినపుడా గతుకులో పడినపుడా, మీటరు ఎన్ని వోల్టులు చూపినది, ఇంతకుముందు ఏ భాగమును మార్చినారు అనునవి అందుండవలెను. ‘బండి నడచుట లేదు’ అని చెప్పినచో ఆయన తలనుండి తోకవరకు వెదకవలసి వచ్చును. ‘ఇంజను నడచుచున్నను 12.1 దాటుట లేదు, ఫ్యూజు బాగుగనే యున్నది, బిగింపులు నిన్ననే శుభ్రపరచితిని’ అన్నచో ఆయన చేయి నేరుగా రెక్టిఫయరు మీదికి పోవును.